గరిక కింద ఫొగారా

గంట దాటింది. మైదానం మూలన పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి. ఎక్కణ్ణించో పిచ్చుకలు వచ్చి అంచున వాలి తాగిపోతున్నాయి. గొడుగు కింద కుర్చీలో కూర్చున్న ఇంజనీరు వాఫియా గడియారం చూసుకుంది, నీళ్ళకేసి చూసింది, మళ్ళీ గడియారం చూసుకుంది. తాడు అవతల నిలబడ్డ ఊరంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది.

పరీక్ష నెగ్గేశామనే అనుకున్నారు పాపం. తమస్లిత్ లాంటి ఎడారి ఊళ్ళో పోసిన నీళ్ళు గంటసేపు నేలమీద నిలిచాయంటే అంతకన్నా గొప్ప నేల ఇంకేముంటుంది? అందరికన్నా ఎక్కువ ఉబ్బిపోయినవాడు బహూస్. ఆ మైదానం వేసింది అతనే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఊరి నీళ్ళు కొలిచి పంచేవాడు, అంతవరకూ ఎవరి దగ్గరా గొప్పలు చెప్పుకున్న పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాడు.

"రేపు ఈ వేళకి వచ్చి చూడండి ఇంజనీరమ్మా," అన్నాడు. "వేలెడు తగ్గితే నా మీసం తీయించేసుకుంటాను."

వాఫియా లేచి నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. లీగ్ ఆఫీసు తరఫున ఆటస్థలాలు తనిఖీ చేసే మనిషి, ఉత్తరాన సముద్రపు ఒడ్డు పట్నంలో పుట్టి పెరిగింది. ఆమె మొహంలో నవ్వు లేదు.

"ఈ నీళ్ళు ఎటు పోతాయండీ?" అని అడిగింది.

"ఎటూ పోవు."

"అదే అడుగుతున్నాను. బయటికి ఎలా పంపిస్తారు?"

బహూస్‌కి ఆ ప్రశ్న తలకెక్కలేదు. "నీళ్ళని బయటికి పంపడమేమిటమ్మా? ఎందుకు పంపాలి?" అన్నాడు.

సంగతి మొదటినుంచీ చెబితే తప్ప అతని తప్పెంతో తెలియదు. దేశం మొత్తానికి ఉన్న పెద్ద ఫుట్‌బాల్ లీగులో పదహారు జట్లు. అన్నీ ఉత్తరాదివే. ఆ ఏడు దాన్ని పద్దెనిమిది చేస్తామన్నారు. కొత్త రెంటిలో ఒకటి ఎడారి వైపు ఊరికి ఇస్తామన్నారు. దక్షిణ విభాగంలో మూడేళ్ళు వరసగా నెగ్గింది మా తమస్లిత్ క్లబ్బే. నెగ్గడమంటే మాటలు కాదు, ఎర్రగట్టి నేలమీద పడిలేచి, మోకాళ్ళ తోలు ఊడబెరుక్కుని నెగ్గారు కుర్రాళ్ళు. లీగ్ వాళ్ళు జట్టుకి వంక పెట్టలేదు. పచ్చగడ్డి మైదానం ఉండాలన్నారు, అంతే. అది లేకపోతే ఆ చోటు సముద్రపు ఒడ్డున కాచుక్కూర్చున్న ఇంకో పట్నానికి పోతుంది.

పచ్చగడ్డి అనేసరికి ఊళ్ళో సగంమంది ఆశ వదులుకున్నారు. ఊరికి వచ్చే నీళ్ళన్నీ ఫొగారావే. ఇసుకదిబ్బల కింద, మైళ్ళ దూరం నుంచి, మనిషి వంగి నడిచేంత సొరంగం. నేల కడుపులో ఊరిన నీటిని వాలు పట్టించి ఊరిదాకా నడిపించుకొస్తుంది. నాలుగు వందల ఏళ్ళ కిందట తవ్వారు. అది బయటపడే చోట రాతి దువ్వెన ఉంటుంది. ఆ దువ్వెన పళ్ళ సందుల్లోంచి ఒక్కో కుటుంబం తోటకి ఒక్కో పాయ చీలిపోతుంది. ఏ సందు ఎంత వెడల్పుండాలో తేల్చేవాడు బహూస్. చిల్లుల రాగి పలక అడ్డంపెట్టి, బార్లీ గింజంత చిల్లు లెక్కన కొలిచి చెబుతాడు. ఎనభై కుటుంబాల వాటాలూ, తాతముత్తాతల పేర్లతో సహా, అతని నోట్లో ఉంటాయి. సొంత బావమరిది వచ్చి కాళ్ళావేళ్ళా పడినా అర గింజ ఎక్కువ కొలిచినవాడు కాదు. అందుకే ఆ మనిషంటే ఊరికి గౌరవం, బావమరిదికి మంట.

అలాంటివాడు ఒక శుక్రవారం నమాజు అయ్యాక మసీదు గుమ్మంలో నిలబడి ఎనభై కుటుంబాలనూ సాయం అడిగాడు. డెబ్బై రోజులపాటు మీ వాటాలో సగం నీళ్ళు మైదానానికి ఇవ్వండి, గరిక నేను పెంచుతాను, క్లబ్బు లీగులోకి వెళ్తుంది, నాదీ పూచీ అన్నాడు. బహూస్ మాట ఇచ్చాడు కాబట్టి ఇచ్చారు. చిక్కుళ్ళు ఎండిపోయాయి, టమాటా మడులు మాడిపోయాయి, బార్లీ మోకాలెత్తు కూడా లేవలేదు. ఖర్జూరాలు కాబట్టి ఎలాగో తట్టుకున్నాయి. అమ్మగారూ అన్నట్టు ఊరంతా లల్లా అని పిలిచే కెల్తూమ్ అనే విధవరాలికి తోటే ఆధారం. ఆవిడ మడుల్లో ఉల్లి ఒక్కటీ మిగల్లేదు. అయినా ఆవిడే అందరికన్నా ముందు తన పాయకి మట్టి అడ్డం వేసింది.

అంత ఖరీదైన నీటిని బహూస్ ఎలా చూసుకోవాలో అలాగే చూసుకున్నాడు. మూరెడు లోతున నేల తవ్వించి, అడుగున జిగురుమన్ను పరిపించి, నీళ్ళతొట్టికి చేసినట్టే కాళ్ళతో తొక్కించి, అద్దంలా మెత్తించాడు. దానిమీద ఇసుకా ఎరువూ పోసి గరిక నాటించాడు. చుక్క కిందికి ఇంకదు. మా ఊళ్ళో ఎవణ్ణి అడిగినా అలాగే చేయమనేవాడు. వాన అంటే అయిదేళ్ళకోసారి నాలుగు చినుకులు పడే చోట, నీళ్ళు ఎక్కువై ఆట ఆగిపోతుందని ఏ బుర్రకి తడుతుంది?

వాఫియా అదంతా విన్నది. గరికని వంగి చేత్తో నిమిరింది, వేళ్ళు సందుల్లో పెట్టి ఒత్తుని చూసింది. ఇంత మంచి పచ్చిక ఉత్తరాదిలో కూడా అన్నిచోట్లా లేదని ఒప్పుకుంది. తర్వాత రూలు చదివింది. మైదానం మొత్తంమీద బొటనవేలి మందాన నీళ్ళు నిలిపితే అరగంటలో అవి పోయి బంతి దొర్లాలి. వానకి ఒక రూలు, ఎడారికి ఒక రూలు లేదు, పద్దెనిమిది జట్లకీ ఒకటే.

"నేను ఇంకో రెండు ఊళ్ళు చూసుకుని పన్నెండో రోజు పొద్దున ఇటే వస్తాను," అంది. "మీకోసం నేను చేయగలిగింది అదొక్కటే. ఆ సాయంత్రం జాబితా మూసేస్తారు."

"గడ్డి పెకలించి, అడుగు తవ్వి, గొట్టాలు వేసి, మళ్ళీ నాటాలంటే ఎన్నాళ్ళండీ?" అని అడిగాడు క్లబ్బు అధ్యక్షుడు స్లిమాన్ మాస్టారు. బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, జవాబు తెలిసే అడిగాడు.

మూడు నెలలంది వాఫియా. కారెక్కి వెళ్ళిపోయింది.

  జనం ఒక్కొక్కరే బహూస్ పక్కనుంచి తల వంచుకుని వెళ్ళిపోయారు, చావింటి నుంచి వెళ్ళినట్టు. అతను మైదానం గట్టుమీద కూర్చున్నాడు. ఎదురుగా మూలన ఆ నీళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. ఎనభై ఇళ్ళ నీళ్ళు నా మాటమీద పోశారు, నేను పళ్ళెంలో పోసి కూర్చోబెట్టాను అనుకున్నాడు.  ఇంటికెళ్తే భార్య రొట్టె పెట్టింది, పక్కకి జరిపాడు. రాగి పలక తీసి గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేశాడు. ఇక కొలిచే అర్హత నాకెక్కడిదని ఆమెతో అన్నాడు.

మర్నాడు పొద్దెక్కకముందే లల్లా కెల్తూమ్ వచ్చింది. ఆవిడ నోటికి ఊళ్ళో ఇమాము కూడా జడుస్తాడు. కూర్చోమన్నా కూర్చోలేదు, టీ పోస్తే ముట్టుకోలేదు.

"నా ఉల్లి పోయింది, పోనీ," అంది. "నువ్వు మూల కూర్చుని ఏడవడానికా నేనిచ్చింది?"

"ఏం చేయమంటావు లల్లా? గడ్డి తీయకుండా దాని కింద నీళ్ళు తీసే దారి ఏదీ?"

"ఏడు మైళ్ళ ఇసుక కిందనుంచి నీళ్ళు లాక్కొచ్చినవాళ్ళ మనవడివి. ఇసుకని పెకలించి తీసుకొచ్చారా మీ తాతలు? బెత్తెడు గడ్డి కింద నుంచి తీయలేనని నాతో చెబుతున్నావు. చెప్పడానికి నోరెలా వచ్చింది నీకు?"

బహూస్‌కి అప్పుడు తట్టింది. లీగు వాళ్ళు అడిగింది ఏమిటి? నేలలో ఉన్న నీరు, వాలు పట్టుకుని, కిందనుంచి బయటికి రావాలి. ఫొగారా చేసేది మరేమిటి? నాలుగు వందల ఏళ్ళుగా తెల్లారి లేస్తే మొహం కడుక్కునేది ఆ నీళ్ళతోనే కదా! గొట్టం అనేసరికి అతని బుర్ర ఉత్తరాది సామాన్ల దుకాణాల చుట్టూ తిరిగిందిగానీ, కాళ్ళ కిందికి చూడలేదు. లేచి చెప్పులు కూడా వేసుకోకుండా ఎంబారెక్ తాత ఇంటికి పరిగెత్తాడు.

ఎంబారెక్‌కి ఎనభై రెండు. సొరంగం తవ్వే మేస్త్రీల్లో ఆఖరివాడు. పాతికేళ్ళుగా ఎవరూ పిలవక, గోడ నీడన చాపమీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని తిట్టుకుంటూ కాలం వెళ్ళబుచ్చుతున్నాడు. బహూస్ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. మైదానం కింద ఎర్రగట్టి మన్నా, ఇసుకా అని అడిగాడు. ఎర్రమన్నే అంటే, తనని లేపి నిలబెట్టమన్నాడు. గాడిద మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళారు. తాత మైదానం పొడుగునా గాడిదమీదే తిరిగి, కర్రతో నేల పొడుచుకుంటూ ఇరవై చోట్ల గుర్తులు పెట్టించాడు, ఇటు గట్టున పది, అటు గట్టున పది.

"బావులు దింపండి, మనిషి నిలువు లోతు," అన్నాడు. "ఒక్కో బావిలోంచి మైదానం నడిమికి పాకుతూ వెళ్ళండి. పోయేకొద్దీ పైకి, పది అడుగులకి ఒక వేలు. అటువాడూ ఇటువాడూ నడిమధ్యన కలవాలి. బావుల అడుగులు కలిపి పల్లపు తోటల్లోకి కాలవ తీయండి. గడ్డి ఒక్క పరక కదిలిందా, తవ్వినవాణ్ణి అక్కడే పూడ్చేస్తాను."

ఇది కొత్త ఫొగారా అవుతుందా, పాతదే అవుతుందా అని స్లిమాన్ మాస్టారు అడిగాడు. పాతదాని కొమ్మే అని తాత తేల్చేశాడు. తేల్చడంలో విషయముంది. ఫొగారాలోంచి మన్ను తట్ట బయటికి తెచ్చినవాడికి ఆ నీళ్ళలో హక్కు పుడుతుంది. తట్టకింత అని కొలిచి, పేరు చదివి, దువ్వెనలో చోటిస్తారు. పుట్టుకతో వచ్చేదీ, తవ్వి తెచ్చుకునేదీ, ఉన్నవాడు ఇచ్చేదీ తప్ప మా నీళ్ళలో వాటాకి ఇంకో దారి లేదు. అందుకని బహూస్ గూట్లోంచి రాగి పలక తీసి మెళ్ళో వేసుకుని గట్టుమీద నిలబడక తప్పలేదు. ఎవరు ఎన్ని తట్టలు తెచ్చారో ఒక్కటీ మరవకుండా నోట్లో పెట్టుకున్నాడు.

ఊరు ఊరంతా దిగింది. మగవాళ్ళు లోపల తవ్వితే ఆడవాళ్ళు తాళ్ళతో తట్టలు పైకి లాగారు. ముందువరస ఆటగాడు మొదటిరోజు సొరంగంలో అయిదు నిమిషాలుండి ఊపిరాడక పైకొచ్చేశాడు. నీ తాత ఇందులోనే కూర్చుని అన్నం తినేవాడురా అని కెల్తూమ్ నలుగురిలో అనేసరికి మళ్ళీ దిగి, ఆ పూటకి మరి పైకి రాలేదు. పిల్లలు బళ్ళోంచి తిన్నగా అక్కడికే వచ్చేవారు. బాలింతలు తప్ప ఇళ్ళల్లో ఎవరూ లేరు.

వాలు చూసుకోవడానికి సొరంగంలో గిన్నెడు నీళ్ళు పెట్టి అంచు చూసేవారు. దిక్కు చూసుకోవడానికి చెవి తప్ప ఇంకేమీ లేదు. అటువైపు గునపం చప్పుడు ఇటువైపు గోడకి చెవి ఆనించి వినాలి. తొమ్మిదో రోజు బహూస్ తనే మూడో బావిలో దిగి పాకుతూ చివరిదాకా వెళ్ళాడు. ఎదురుగా మన్నులో టకటకా వినిపిస్తోంది. తనూ గునపంతో మూడుసార్లు కొట్టాడు. అవతల చప్పుడు ఆగింది, మళ్ళీ మూడుసార్లు వినిపించింది. ఇద్దరూ కలిసి పొడిచారు. మన్ను పెళ్ళ విరిగి పడింది, ఆ కంతలోంచి మట్టికొట్టుకున్న చెయ్యి ఒకటి లోపలికి వచ్చింది. ఎవరిదో తెలియదు. బహూస్ ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని వదలలేకపోయాడు. అటువాడూ ఇటువాడూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోకుండా, ముప్పై అయిదేసి గజాలు చీకట్లో పాకి, జానెడు తేడా లేకుండా కలుసుకున్నారు! నాలుగు వందల ఏళ్ళ కిందటి మనుషులు ఇలాగే కదా అనుకుంటే అతనికి ఒళ్ళు గగుర్పొడిచింది.

ఆ మీదట ఇనుప చువ్వలతో పైకి, జిగురుమన్ను చీల్చుకునేలా, అడుగడుక్కీ బెజ్జాలు పొడిచారు. మన్ను రాలకుండా ఖర్జూరపు పీచు కుక్కారు. ఒకచోట పీచు పెట్టబోతూ బహూస్ దీపం పైకెత్తాడు. బెజ్జంలోంచి గరిక వేళ్ళు తెల్లగా, దారపు పోగుల్లా వేలాడుతున్నాయి. అప్పుడే కిందికి దారి దొరికిందని వాటికెలా తెలిసిందో! ఆ ఇరుకులో వెల్లకిలా పడుకుని వాటికేసి అలా ఎంతసేపు చూశాడో అతనికే గుర్తులేదు.

పన్నెండో రోజు పొద్దున వాఫియా వచ్చేసరికి మైదానం పన్నెండు రోజుల కిందట ఎలా ఉందో అలాగే ఉంది. గట్లమీద మాత్రం ఎర్రమన్ను కుప్పలు. ఆమె గడ్డి చూసింది, కుప్పలు చూసింది. ఏం చేశారు మాస్టారూ అని అడిగింది.  దిగి చూడండి అన్నాడు బహూస్.

ఆమె బూట్లు విప్పి, తలగుడ్డ బిగించి, అతని వెనకే బావిలో దిగింది. పాకుతూ వెళ్తూ మొదట్లో ప్రశ్నలు వేసింది, వాలెంత, వెడల్పెంత, పీచు ఎన్నాళ్ళుంటుంది అని. నడిమికి వచ్చేసరికి ప్రశ్నలు ఆగిపోయాయి. నాలుగేళ్ళు చదివాను, ఇలాంటిది ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదని అంది. ఆమె గొంతు ఆ ఇరుకులో చిన్నపిల్ల గొంతులా వినిపించింది. ఎదురుబావిలోంచి పైకి వచ్చేద్దామని వెళ్తే, అక్కడ ఎవరో ఆఖరి తట్ట నిండుగా వదిలేసిపోయారు. అది దారికి అడ్డం. బహూస్ దాన్ని దాటుకుని ముందుకి పాకేశాడు. ఆమె దాటలేక, తట్టనే ముందుకి తోసుకుంటూ వెలుగులోకి వచ్చి, తాడు అందితే ముడేసి పైకి పంపి, తనూ ఎక్కింది. పైన నిలబడి మోచేతులు దులుపుకుంటుంటే బహూస్ తట్టకేసి ఒకసారి, ఆమెకేసి ఒకసారి చూశాడు. నోట్లో ఏదో అనుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

పరీక్షకి నీళ్ళు ముందే సిద్ధం చేశారు. ఒక పగలూ ఒక రాత్రీ ఏ తోటకీ చుక్క వదలకుండా తొట్లన్నిటా పట్టి ఉంచారు. తూము ఎత్తారు. నీళ్ళు గరికమీద పాకుతూ, పాకుతూ, ఈ గోలు నుంచి ఆ గోలుదాకా నిండాయి. మా ఊళ్ళో అంత నీటిని ఒక్కచోట చూసినవాడు లేడు. ఆకాశం మొత్తం వచ్చి అందులో పడుకుంది. ముసలాళ్ళు దేవుణ్ణి తలుచుకున్నారు. కెల్తూమ్ వంటి కెల్తూమ్ నోటిమీద చెయ్యేసుకుని నిలబడిపోయింది.

వాఫియా గడియారం నొక్కింది.

కాసేపు ఏమీ కాలేదు.  పీచు మరీ బిగించామా, బెజ్జాలు మట్టితో మూసుకుపోయాయా, ఎనభై ఇళ్ళ నీళ్ళు రెండోసారి కూడా నా మూలాన పోయాయా అని బహూస్ గట్టుమీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఎంబారెక్ తాత గాడిద దిగి, నేలమీద పడుకుని, చెవి ఆనించాడు. వినండ్రా అన్నాడు. అందరూ కూర్చుని, వంగి, నేలకి చెవులు పెట్టారు. కిందనుంచి చప్పుడు వస్తోంది. పది సొరంగాల్లో నీళ్ళు కూడబలుక్కుని నడిచే చప్పుడు, సన్నగా, ఆగకుండా. గరిక పరకలు ఒక్కొక్కటే నీట్లోంచి తలలెత్తాయి. గట్టు కింది కాలవలోకి నీళ్ళు దూకి తోటలవైపు పరిగెత్తాయి.

ఇరవై రెండో నిమిషానికి వాఫియా బంతి తెచ్చి నడిమధ్య నుంచి తన్నింది. అది ఎక్కడా ఆగకుండా దొర్లుతూ గోల్లోకి వెళ్ళిపోయింది. జనం గోల అంతా ఇంతా కాదు. ముందువరస ఆటగాడు బహూస్‌ని భుజాలమీదికి ఎత్తబోతే, నన్ను దించరా బాబూ, ఇంకా సంతకం కాలేదన్నాడు అతను.

బల్ల వేశారు. వాఫియా కాగితాలు నింపింది. ఆఖరి కాగితం తనిఖీ చేసినవాళ్ళు నలుగురి ముందూ పైకి చదివి సంతకం పెట్టాల్సిన ప్రమాణం. ఆమె లేచి చదివింది.

"ఈ క్లబ్బు నుంచిగానీ ఈ ఊరి నుంచిగానీ నాకు ఏమీ ముట్టలేదనీ, ముట్టాల్సింది ఏమీ లేదనీ..."

"అది నిజం కాదమ్మా," అన్నాడు బహూస్.

  స్లిమాన్ మాస్టారు బహూస్ చెయ్యి పట్టి లాగాడు, ఊరుకోవయ్యా, కొంప ముంచకు అని చెవిలో గొణిగాడు. బహూస్ చెయ్యి విడిపించుకున్నాడు.

"పొద్దున మీరు ఏడో బావిలోంచి తట్ట బయటికి తెచ్చారు," అన్నాడు. "ఫొగారాలో మీకు ఒక గింజ నీళ్ళు ఉన్నాయి. అవి మీవి."

"నాకొద్దండీ. నేను దారికి అడ్డమని తెచ్చాను."

"ఎందుకు తెచ్చారన్నది లెక్కలోకి రాదు. వద్దంటే పోయేది కాదు అది. మీరు సంతకం పెట్టి వెళ్ళిపోతే నేను రేపు అందరి వాటాలూ చదువుతూ మీ పేరు మింగేయాలి. ఇన్నేళ్ళలో ఒక్క పేరు మింగలేదు."

"ఉంటే నేను సంతకం పెట్టలేను," అంది వాఫియా. ఆమె పెన్ను బల్లమీద పెట్టేసింది. "మీకు అర్థమవుతోందా? సాయంత్రానికి జాబితా మూసేస్తారు. ఇంకో ఇంజనీరు రావాలంటే వారం పడుతుంది."

అర్థమైంది బహూస్‌కి. కళ్ళముందే ఉంది అంతా, మాడిన మడులు, మట్టికొట్టుకున్న మొహాలు, ఎనభై కుటుంబాలు తనకేసే చూస్తున్నాయి. నోరు మూసుకుంటే చాలు. కానీ వాళ్ళు ఆ నీళ్ళు ఇచ్చింది అతను కొలతలో అబద్ధమాడడనే. ఆడితే ఇక వాళ్ళిచ్చిన దానికి అర్థమేముంది? కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"నా తప్పే అయితే నన్ను తిట్టండి," అన్నాడు జనంతో. "కానీ ఆవిడ వాటా ఆవిడదే."

ఎవరూ తిట్టలేదు. పొగడనూ లేదు. ఎంబారెక్ తాత మాత్రం, అంతే, అంతే అన్నాడు పైకే.

 వాఫియా చూసిన ఆటస్థలాలు నలభై పైచిలుకు. కాగితం దాచినవాళ్ళని చూసింది, కవరు చాపినవాళ్ళని చూసింది. ఇలాంటివాడు ఎప్పుడూ తగల్లేదు.

"ఆ గింజ ఇంకెవరికైనా ఇవ్వచ్చా?" అని అడిగింది చివరికి.

"ఇవ్వచ్చు. నీళ్ళ దగ్గర నిలబడి, అందరూ వినేలా నోటితో చెప్పాలి."

"అయితే మైదానానికి ఇస్తాను."

జనంలో గుసగుసలు బయల్దేరాయి. మైదానం మనిషా, తవ్విందా, పుట్టిందా, దానికి వాటా ఎలా రాస్తారని ఒకరిద్దరు అడ్డం తిరిగారు. లల్లా కెల్తూమ్ వాళ్ళమీద విరుచుకుపడింది.

"మసీదు మనిషా? దానికి మూడు గింజలు లేవూ? సత్రానికి లేదూ? నోళ్ళు మూసుకుని పదండి దువ్వెన దగ్గరికి."

అందరూ ఫొగారా నోటి దగ్గరికి నడిచారు. బహూస్ రాతిమీద ఉలి పెట్టి, బార్లీ గింజంత సందు కొట్టాడు. రాగి పలక ఆనించి చూశాడు, ఇంకో దెబ్బ వేశాడు, మళ్ళీ చూశాడు.  తర్వాత లేచి నిలబడి, వాటాదార్ల పేర్లు మొదటినుంచీ చదవడం మొదలుపెట్టాడు. సొరంగానికి మొదటి గునపం వేసినవాడి పేరు, వాడి తమ్ముడి పేరు, నాలుగు వందల ఏళ్ళ పేర్లు, తండ్రుల వెనక కొడుకులు, కొడుకుల వెనక మనవలు, ఈ పన్నెండు రోజుల్లో తట్ట మోసిన ఆడవాళ్ళ పేర్లు. ఎక్కడా తడుముకోలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్కరూ నీడకి వెళ్ళలేదు.

"వాఫియా, ఇంజనీరు, సముద్రం దగ్గరి మనిషి," అని చదివాడు ఆఖరున. "ఒక తట్ట. ఒక గింజ. మైదానానికి ఇచ్చింది."

నూలుపోగంత నీటిధార కొత్త సందులోంచి బయటికి వచ్చి, ఎర్రమన్నులో దారి వెతుక్కుంటూ, గరికవైపు బయల్దేరింది. వాఫియా దాని వెంటే నడిచింది. అది గడ్డిని చేరేదాకా చూసింది. అక్కడే మోకాళ్ళమీద కూర్చుని, ప్రమాణం కాగితం తొడమీద పెట్టుకుని మొదటినుంచీ మళ్ళీ చదివింది. ఈసారి బహూస్ ఆపలేదు. ఆమె సంతకం పెట్టింది.